అడవి చదువుకు గురువెవరు?

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



ఉగాది సభలో భాషను గూర్చో, పద్యాన్ని గూర్చో, కందాయ ఫలాలను గూర్చో మాట్లాడడం ఆచారం. మాకు అప్పగించిన విషయం అటువంటిది కాదు. మన సంఘంలోని యువతీయువకులు పన్నెండుమంది, అందులో ఐదుగురు ఆడపిల్లలు, అడవిలో దారి తప్పితే ఎట్లా నిలదొక్కుకోవాలో నేర్పే శిక్షణకు వెళ్ళదలచుకొన్నారు. సగం ఖర్చు సంఘం నిధినుండి ఇప్పించమని అర్జీ పెట్టుకొన్నారు. కార్యవర్గంలో ఒక పెద్దమనిషి, "కడుపు నిండినవాళ్ళ పైత్యం" అన్నారు. ఇంకొకరు, "పంపుదాం, సరే, ఎవరి దగ్గరకు?" అన్నారు. ఈ రెండవ ప్రశ్నకు జవాబు వెదికి రమ్మని మమ్ములను నియమించారు. మేము చదివినది పదవ తరగతి. చేసేది రైల్వేలో గుమాస్తా పని. అడవికీ మాకూ ఏమి సంబంధమని మీరడగవచ్చును. సంబంధమున్నది. చెప్పుకొనడానికి కొంచెం సిగ్గే గాని, అది చెప్పకపోతే తరువాత చెప్పేదానికి విలువ ఉండదు.

నాలుగేళ్ళ క్రిందట మా అక్కయ్య కొడుకు ఇంజనీరింగు చదువుకు గుంతకల్లునుండి వచ్చి మడివాళలో మా ఇంట్లోనే ఉండేవాడు. మన పేట సంగతి మీకు తెలుసు. రాత్రి అయితే హోసూరు రోడ్డు పొడుగునా నెల్లూరు, విజయవాడ, హైదరాబాదు అని బస్సులవాళ్ళ కేకలు, పగలు సిల్కుబోర్డు దగ్గర నిలిచిపోయిన బండ్ల మోతలు. పిల్లవాడికి పచ్చని చెట్టు చూడాలంటే మడివాళ చెరువుగట్టు తప్ప వేరే దిక్కు లేదు. వాడొకనాడు ఫోనులో ఒక ప్రకటన చూపించినాడు. రెండు రోజుల అరణ్యజీవన శిక్షణ, తలకు నాలుగు వేలు. మొగానికి మసి పూసుకొని నోట కత్తి కరచుకొన్న మనిషి బొమ్మ. "మామయ్యా, నువ్వు కూడా రా" అన్నాడు. చిన్నప్పుడు రైల్వే బడిలో స్కౌటు రుమాలు కట్టినవాళ్ళం కదా అని మాకూ ఉబలాటం పుట్టినది. ఇద్దరికీ ఎనిమిదివేలు కట్టి రామనగరం వైపు ఒక కొండ పాదానికి వెళ్ళినాము.

అక్కడ నేర్చుకొనేవారు ముప్పైనలుగురు, నేర్పేవారు ఇద్దరు. వచ్చీరాగానే ఒక కాగితంమీద సంతకం చేయించుకొన్నారు. అది చదవకుండా చేసినాము. తరువాత తెలిసినది, ఏమి జరిగినా మాదే బాధ్యత అని వ్రాసి ఇచ్చినామని. మొదటి రోజంతా కొయ్యతో కొయ్యను రాచి నిప్పు పుట్టించడమే పాఠం. రెండు గంటలు రాచినాము. పొగ వచ్చినది, కళ్ళనీళ్ళు వచ్చినవి, నిప్పు రాలేదు. మన పూర్వులు యజ్ఞానికి అరణి మథించినదీ ఇదే పద్ధతి. రావికొయ్య, జమ్మికొయ్య అంటూ వాళ్ళు అంత నియమం ఎందుకు పెట్టుకొన్నారో ఆనాడు మాకు అర్థమైనది. చేతికి దొరికిన ప్రతి కొయ్యా నిప్పు ఇవ్వదు.

సాయంత్రం చితుకులు ఏరుకొని రమ్మని అందరినీ తలొక దిక్కుకు పంపినారు. ఎనిమిదింటికి భోజనాల దగ్గర చూస్తే మా మేనల్లుడు లేడు. లేడని కనిపెట్టినది మేమే గాని శిక్షకులు కాదు. "ఎక్కడో ఫోటోలు తీసుకొంటూ ఉంటాడు లెండి" అన్నాడు వారిలో ఒకడు. పాటల పెట్టె మోగుతూనే ఉన్నది. అర్ధరాత్రిదాకా ఫోను దీపాలు పట్టుకొని బండలవెంట తిరిగినాము. వెదకబోయినవాళ్ళలో ఇద్దరు తప్పిపోయి, వాళ్ళను వెదకవలసి వచ్చినది. ఆ తరువాత శిక్షకులు తెల్లవారనివ్వమన్నారు. మేము కూర్చున్నాము. ఆ నాలుగైదు గంటలను గూర్చి ఇంతకంటె చెప్పలేము.

తెల్లవారి ఆరున్నరకు మేకలు కాసే ముసలాయన ఒకడు పిల్లవాణ్ణి భుజంమీద చెయ్యి వేయించుకొని నడిపించుకొని వచ్చినాడు. రెండు బండల మధ్య కాలు జారి చీలమండ వాచిపోయినది. ఫోనులో సిగ్నలు లేదు, చేతిలో నీళ్ళు లేవు, విజిలు లేదు. మా శిబిరానికి అరకిలోమీటరు దూరం కూడా లేడు. వాడు చేసిన మంచిపని ఒక్కటే, చీకటి పడినాక అక్కడినుండి కదలలేదు. ఎందుకు కదలలేదురా అంటే, "సిగ్నలు పడనిదే బండి కదలరాదని నువ్వే అంటావు గదా మామయ్యా" అన్నాడు. ఆ మేకలాయనకు మన భాష కొంచెం వచ్చును. ఆయన అన్నమాట: "మేకపిల్ల తప్పినా ఇంతే సార్. ఒకచోట ఉండి అరిచేదాన్ని పట్టుకోవచ్చు, తిరిగేదాన్ని పట్టుకోలేము." నాలుగు వేలు తీసికొన్నవారు నేర్పని పాఠం ఆయన ఉత్తపుణ్యానికి నేర్పినాడు.

మా అక్కయ్యకు ఈ సంగతి పదిరోజులదాకా చెప్పలేదు. పండుగకు ఇంటికి వెళ్ళిన కొడుకు కాలికట్టు చూచి ఆమె ఫోను చేసినది. తిట్టలేదు. "వాడు నీ ఇంట్లో ఉన్నాడని ఆ రాత్రి నేను నిశ్చింతగా నిద్రపోతిని గదరా" అన్నది. అంతే. తరువాత రెండు నెలలు మాతో మాటలు లేవు.

ఇప్పుడు ఆ పన్నెండుమంది జాబితాలో మొదటి పేరు వాడిదే. కనుక మేము ఈ ఆరు నెలలుగా విచారించినది సంఘం కోసమని చెబుతున్నాముగాని, ఎక్కువ భాగం మాకోసమే.

మొదట తెలుసుకొన్నది ఏమిటంటే, బజారులో మూడు రకాల సరుకును ఒకే గంపలో పోసి అమ్ముతున్నారు. కొండ ఎక్కి దిగడం ఒకటి, దాన్ని ట్రెక్కింగు అంటున్నాము. త్రాళ్ళతో మంచుకొండలూ బండలూ ఎక్కడం రెండవది. అడవిలో ఉన్న వస్తువులతో నీడ, నిప్పు, నీరు సమకూర్చుకొని, ఆపద వస్తే సాయం అందేదాకా ప్రాణం నిలుపుకొనడం మూడవది. మన పిల్లలు కోరుతున్నది ఈ మూడవది. రెండవదానికి మన దేశంలో గట్టి బడులున్నాయి. డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థ 1954లో వెలసినది. ఎవరెస్టు ఎక్కి వచ్చిన టెన్సింగు అక్కడ క్షేత్రశిక్షణకు మొదటి అధిపతి. ఉత్తరకాశిలోని నెహ్రూ సంస్థ 1965లో వచ్చినది. ఈ రెండింటిలో ప్రాథమిక శిక్షణే ఇరవైఎనిమిది రోజులు. మా ఆఫీసులో ఇరవైఎనిమిది రోజులు సెలవు అడిగితే ముందు మమ్ములను ఆసుపత్రికి పంపుతారు. పైగా అక్కడ నేర్పేది మంచు విద్య, మన బన్నేరుఘట్ట ముళ్ళకంపల విద్య కాదు. అయినా ఆ బడులను చూచి నేర్చుకొనవలసినది ఉన్నది. వయసు, ఆరోగ్యం చూడనిదే చేర్చుకోరు. చివర గ్రేడు వేస్తారు. చాలినంత గ్రేడు రానివాణ్ణి పై తరగతికి రానివ్వరు. అందరికీ పట్టాలు పంచే రెండు రోజుల శిబిరానికీ దీనికీ ఉన్న తేడా మీరే చూడండి.

మూడవ రకం విద్యకు మూలం వెదుకుతూ పోతే మళ్ళీ బెంగుళూరుకే వచ్చి పడినాము. బేడెన్ పావెల్ దొర 1907లో ఇంగ్లండులో బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఇరవైమంది పిల్లలతో ఒక వారం పైగా శిబిరం నడిపి స్కౌటు ఉద్యమానికి అంకురార్పణ చేసినాడు. రెండేళ్ళు తిరగకుండానే, 1909లో, మన దేశంలో మొదటి స్కౌటు దళం ఈ ఊళ్ళోనే బిషప్ కాటన్ పాఠశాలలో ఏర్పడినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1950లో వేర్వేరు సంస్థలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయినది. అందులో మా రైల్వేలకు రాష్ట్రాలతో సమానంగా ప్రత్యేక శాఖలున్నవి. పాతికేళ్ళలోపు కుర్రవాళ్ళకు రోవరులనీ, ఆడపిల్లలకు రేంజరులనీ విభాగాలున్నవి. ముడులు, దిక్సూచి, పటం, ప్రథమచికిత్స, గుడారం, ఇవన్నీ ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా, అతి తక్కువ ఖర్చుతో నేర్పుతారు. మీ పిల్లలు ఇంకా బడిలోనే ఉంటే ఇంత విచారణ అక్కరలేదు, స్కౌట్సులో చేర్చండి. ఉద్యోగాలలో చేరి, వారానికి ఒకటిన్నర రోజు సెలవు దొరికే మన యువకులకే వచ్చినది చిక్కంతా. కర్ణాటక ప్రభుత్వం కొడగు బిడ్డడైన జనరల్ తిమ్మయ్యగారి పేరు మీద నడిపే సాహస అకాడమీ ఉన్నది. ప్రైవేటువారి దగ్గరకు పోయే ముందు అక్కడ ఏయే శిబిరాలు ఎప్పుడున్నవో కనుక్కొనడం మంచిది.

ఇక ప్రైవేటు శిబిరాలను ఎంచడం ఎట్లా? మేము తొమ్మిదిమందికి ఫోను చేసి, నలుగురిని స్వయంగా కలిసినాము. మొదట ప్రతివారినీ, "మొదటి రోజు ఏమి నేర్పుతారు?" అని అడిగినాము. ముగ్గురు కత్తి అన్నారు, ఇద్దరు నిప్పు అన్నారు, ఒకాయన పురుగులు తినడం అన్నాడు. ఇది టీవీ పుణ్యం. మొన్న 2020 జనవరిలో మన రజనీకాంతు బందిపూరు అడవిలో బేర్ గ్రిల్స్‌తో కలిసి అటువంటి కార్యక్రమానికి నటించినాడు. ఈ ఊళ్ళోనే ఒకప్పుడు బస్సు కండక్టరుగా టిక్కెట్లు కొట్టినవాడు కనుక మాకు ఆయనమీద అభిమానమే. కాని ఆ చిత్రంలో మీకు కనబడనిది, కెమెరా వెనుక నిలుచున్న జనం. మనం పోతే వెనుక ఎవ్వరూ ఉండరు.

తిండి లేకుండా మనిషి కొన్ని వారాలు బ్రతుకుతాడు. నీరు లేకుండా రమారమి మూడు రోజులు. చలిగాలిలో, వానలో తడిసి ఒంటిమీద కప్పు లేకపోతే మూడు గంటలలోనే ప్రాణం మీదికి రావచ్చును. దీన్ని బట్టి పాఠాల వరుస తెలిసిపోతుంది. మొదట ఇంట్లో చెప్పి పోవడం, దారి తప్పినానని తోచగానే నిలిచిపోవడం, ఎండకూ వానకూ చాటు చేసికొనడం, తరువాత నీరు, తరువాత తన ఉనికి తెలియజేయడం. తిండి అన్నిటికంటె చివర. విశ్వామిత్రులవారు రామలక్ష్మణులను అడవికి తీసికొనిపోయేటప్పుడు అస్త్రాలకంటె ముందు నేర్పినది ఆకలిదప్పులు తెలియకుండా చేసే బల, అతిబల అనే విద్యలు. ఆయనకు పాఠాల వరుస తెలుసు. నీటి విషయంలో మన యక్షప్రశ్నల కథే చాలు. దాహం ఆపుకోలేక అడగకుండా త్రాగిన నలుగురూ ఒడ్డున పడిపోయినారు. అడవిలో తేటగా ఉన్న నీరల్లా మంచిది కాదు. బాగా తెర్లబెట్టి, మరిగినాక ఒక నిమిషమైనా ఉంచి త్రాగవలె. ఈ మాట మేము అడగకుండా చెప్పిన శిక్షకుడు తొమ్మిదిమందిలో ఒక్కడే.

అడవిలో మనిషిని కనుక్కొనడం ఎంత కష్టమో మన తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2వ తేదీన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు నల్లమలలో కనబడకుండా పోయినప్పుడు, విమానాలూ సైన్యమూ పోలీసులూ కదలినా జాడ తెలియడానికి మరునాటి ఉదయం కావలసి వచ్చినది. ముఖ్యమంత్రికే అట్లా అయితే ఫోనులో ఛార్జి అయిపోయిన మన పిల్లవాడి సంగతి ఆలోచించండి. 2022 ఫిబ్రవరిలో ఒకే నెలలో రెండు సంగతులు జరిగినవి. కేరళలో మలంపుళ దగ్గర కొండచరియలో చిక్కుకొన్న ఇరవైమూడేళ్ళ కుర్రవాణ్ణి నలభై గంటలకు పైగా తిండీ నీరూ లేకుండా ఉన్న తరువాత సైన్యంవారు త్రాళ్ళతో పైకి తెచ్చినారు. పదిరోజులు తిరిగేసరికి మన నందికొండ దగ్గర జారిపడిన పందొమ్మిదేళ్ళ విద్యార్థిని యలహంకనుండి వచ్చిన వాయుసేన హెలికాప్టరు లేవనెత్తినది. ఇద్దరూ బ్రతికినారు. నందికొండ మనవాళ్ళంతా ఆదివారం ఇడ్లీ తిని పోయివచ్చే చోటు.

అందరికీ అట్లా కలిసిరాదు. 2018 మార్చి 11వ తేదీన, అంటే ఆ ఏడు ఉగాదికి సరిగా వారం ముందు, తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చు రేగి ఇరవైమందికి పైగా చనిపోయినారు. చెన్నైనుండీ ఈరోడు వైపునుండీ వచ్చిన సరదా బృందాలు అవి. ఎక్కువమంది మన పిల్లలవలె ఉద్యోగాలు చేసికొనే వయసువారు. ఎండిన బోద, ఎదురుగాలి, తెలియని దారి. నిప్పు ఏటవాలు మీద పైకి మనిషికంటె వేగంగా ఎక్కుతుంది. కనుక పైకి పరుగెత్తరాదు, ప్రక్కకో, క్రిందికో, బండమీదికో, ఇదివరకే కాలిపోయిన నేలమీదికో పోవలె. ఇది తెలిసిన నాయకుడు వెంట ఉండడమూ, అసలు ఫాల్గుణ చైత్రాలలో ఎండుగడ్డి కొండలకు జనాన్ని తీసికొని పోకపోవడమూ, ఈ రెండే మార్గాలు. రెండవది సులభం.

ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పవలె. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగుపెట్టరాదు, అడవికి ముప్పు వచ్చేటట్లు నిప్పు రాజేయరాదు. 2024 జనవరిలో కుమారపర్వతానికి జనం విపరీతంగా ఎగబడిన తరువాత కర్ణాటక అటవీశాఖవారు ఆన్‌లైనులో టిక్కెట్టు లేని కొండదారులను కొంతకాలం మూసివేసినారు. కనుక శిబిరంవారిని "ఎక్కడ?" అని అడిగి ఊరుకొనరాదు. "ఆ నేల ఎవరిది? అనుమతి కాగితం చూపుతారా?" అని అడగవలె. "మాకు అక్కడ అందరూ తెలిసినవాళ్ళే సార్" అన్నవాడికి ఒక నమస్కారం పెట్టి రండి. మొదటిసారి నేర్చుకొనేవారికి నిజమైన అడవి అక్కరలేదు కూడా. యజమాని అనుమతితో ఒక తోటలో, అడవి అంచుకు దూరంగా, అన్నీ నేర్చుకోవచ్చును. బెంగుళూరు చుట్టూ ఉన్న అడవులలో భయపడవలసినది పులికి కాదు, ఏనుగుకు. ఈ హోసూరు ప్రాంతపు ఏనుగులే 1980లలో నడిచి మన చిత్తూరు జిల్లాకు పోయి స్థిరపడితే, వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేయవలసి వచ్చినది. వాటి నీటిమడుగు ప్రక్కన గుడారం వేయించే మనిషి గురువు కాడు.

పాముకాటును గూర్చి అడిగినప్పుడు మాకు మనుషులు తెలిసిపోయినారు. ఒకడు బ్లేడు చూపించినాడు, ఒకడు గట్టిగా త్రాడు బిగిస్తానన్నాడు, ఒకడు తన తాత ఆకుపసరు చెప్పినాడు. ఈ మూడూ తప్పే. కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు. కాటుపడిన కాలో చెయ్యో కదలకుండా ఆన్చి, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి తీసికొనిపోవలె. ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి పనిచేస్తుంది. దానికి కావలసిన విషాన్ని చెన్నై దగ్గర ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకొన్న సహకార సంఘం సేకరించి పంపుతూ వచ్చినది. కనుక శిక్షకుడికి వీరత్వం అక్కరలేదు. ఏ ఆసుపత్రిలో మందు ఉన్నది, అక్కడికి ఎన్ని నిమిషాలు, బండి ఏది, రాత్రిపూట దాన్ని నడిపేది ఎవరు, ఈ నాలుగు మాటలు చెప్పగలిగితే చాలును. మా రైల్వేలో సెయింట్ జాన్ అంబులెన్సు వారు ప్రథమచికిత్స నేర్పి పట్టా ఇస్తారు. శిక్షకుడికి అటువంటి పట్టా ఉన్నదా, గడువు తీరిపోయినదా అని మొహమాటం లేకుండా అడగండి.

ఇక తలల లెక్క. మా రైలుబండి చివరి పెట్టె వెనుక పెద్ద ఎక్స్ గుర్తు ఉంటుంది, మీరందరూ చూచే ఉంటారు. స్టేషనులో పనివాడు ఆ గుర్తు చూస్తేనే బండి మొత్తం వచ్చినట్లు. అది కనబడకపోతే వెనుక పెట్టెలు దారిలో ఊడిపోయినవేమో అని అనుమానించవలె. గార్డుగారిని 2022 నుండి ట్రైన్ మేనేజరు అంటున్నారు. పేరు పెరిగినదిగాని, బండి వెనుక బాధ్యత ఆయనదే. మేము పోయిన శిబిరంలో ముందు నడిచేవాడున్నాడు, వెనుక చూచేవాడు లేడు. ఆరేడుగురికి ఒక శిక్షకుడు, వరుస చివర ఒక మనిషి, కదిలే ముందూ ఆగిన తరువాతా లెక్క. దీనికి ఒప్పుకోని వాడు ఎంత చవకగా చెప్పినా వద్దు.

ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న వేరు. స్త్రీ శిక్షకురాలు ఉన్నదా, మరుగు ఉన్నదా అని. సబబైన ప్రశ్నే. లేనిచోటికి పంపవద్దు. కాని ఆడపిల్లలకు ఇది ఎందుకు అనేవారికి ఒక్కమాట. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. వెంట ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనందకుమారు. వారు మొదట చేయిపెట్టినది భువనగిరి బండమీద. ఆ తరువాత డార్జిలింగు, ఆ తరువాత లడఖు చలి. ఒక మెట్టు తరువాత ఒక మెట్టు, నెలల తరబడి. నేర్పినవారు తొందరపడలేదు.

ఇంకొక మాట చెప్పి మా ఎంపిక దగ్గరకు వస్తాము. అసలైన గురువులు అడవిలో పుట్టినవాళ్ళు. బొల్లారంలో 1910లో పుట్టి, బెంగుళూరులో స్థిరపడి, ఈ చుట్టుప్రక్కల అడవులను గూర్చి పుస్తకాలు వ్రాసిన కెన్నెత్ అండర్సన్ దొర కూడా తన విద్యలో చాలాభాగం బైర అనే అడవి మనిషి దగ్గర నేర్చుకొన్నట్లు వ్రాసుకొన్నాడు. మన నల్లమల చెంచులు కొండచరియకు నారత్రాడు వేసి దిగి తేనె తీస్తారు. పులుల అడవి కాపలాకు అటవీశాఖ వారినే పెట్టుకొన్నది. శిబిరంలో ఆ ఊరి మనిషిని గురువుగా కూర్చోబెట్టి, తగిన జీతం ఇస్తున్నారా, లేక వంటకూ మోతకూ మాత్రమే పిలుస్తున్నారా అని చూడండి. మా మేనల్లుణ్ణి వెదికి తెచ్చిన మేకలాయనకు ఆనాటి నిర్వాహకులు ఏమి ఇచ్చినారో తెలుసా? ఒక కప్పు టీ.

మేము కలిసిన నలుగురిలో ఒకాయన కనకపుర వైపు ఒక రైతు తోటలో శిబిరం నడుపుతున్నాడు. ప్రకటన బాగుండదు, ఫోను రెండుమూడుసార్లు చేస్తేగాని ఎత్తడు. ఆరుగురికి ఒకరు చొప్పున నేర్పుతాడు. వెంట ఒక స్త్రీ శిక్షకురాలు, ఆ ఊరి మనిషి ఒకడు. సంతకం పెట్టవలసిన కాగితం వారం ముందే ఇంటికి పంపి, చదివి ప్రశ్నలు అడగమన్నాడు. పాము ప్రశ్నకు ఉపన్యాసం ఇవ్వలేదు. జేబులోనుండి మడతకాగితం తీసినాడు. అందులో రెండు ఆసుపత్రుల పేర్లు, దూరం, నిమిషాలు, 108, 112 వ్రాసి ఉన్నవి. మేము ఈ చైత్రంలోనే పంపుతామంటే, "గడ్డి ఎండి ఉన్నది, ఇప్పుడు వద్దు, వానలు వెలిసినాక రండి" అని చేతికి వచ్చిన బేరం వదులుకొన్నాడు. మాకు నమ్మకం కుదిరినది అక్కడే. రుసుము తలకు ఆరువేలు. సంఘం సగం భరిస్తే పన్నెండుమందికి ముప్పైఆరువేలు అవుతుంది. క్రిందటేడు సభలో మైకుసెట్టుకూ షామియానాకూ మనం ఎంత పెట్టినామో కోశాధికారిగారికి తెలుసు.

కార్తీకంలో మన వనభోజనాల మరునాడు శిబిరం పెట్టుకొందామని అనుకొన్నాము. వనభోజనాల రోజున ఆయనే వచ్చి ముడులు వేయడమూ, దుప్పటితో నీడ కట్టడమూ పెద్దలకు కూడా ఉచితంగా చూపిస్తానన్నాడు. ఉసిరిచెట్టు క్రింద పేకాట కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టుకోవచ్చును.

మా అక్కయ్య నిన్న రాత్రి గుంతకల్లునుండి వచ్చినది. ఇప్పుడు మూడవ వరుసలో కూర్చున్నది. ప్రొద్దున పచ్చడి నూరుతూ నూరుతూ ఆయనకు ఫోను చేయించుకొని, "రాత్రి తొమ్మిదింటికి తలలు లెక్కపెట్టి నాకు చెబుతావా నాయనా?" అని అడిగినది. "అక్కడ సిగ్నలు అందదమ్మా, లెక్క చూచి మనిషిని ఊళ్ళోకి పంపి చెప్పిస్తాను, తొమ్మిదిన్నర అవుతుంది" అన్నాడట. "తొమ్మిదిన్నరదాకా మేలుకొనే ఉంటాను" అన్నది. పంపుతానని మాత్రం మాకింకా చెప్పలేదు.

పేర్లు ఇవ్వదలచినవారు కార్యదర్శిగారి దగ్గర శ్రావణమాసంలోగా ఇవ్వవలెను. విజిలు మాత్రం ఎవరికి వారు తెచ్చుకొనవలె. మడివాళ మార్కెట్టులో ముప్పై రూపాయలకు దొరుకుతుంది. మూడు ఊతలు, కొంచెం విరామం, మళ్ళీ మూడు.